పేటమ్మ మీసాలు

ఆదివారం తెల్లవారుతూనే చిలకలూరిపేటలో బయల్దేరాలి, ఎండ ముదిరేలోగా అడవి అంచున ఉన్న రాయిని చూసెయ్యాలి, వాగు ఒడ్డున కూర్చుని పులిహోర తినాలి, మధ్యాహ్నం కునుకు వేళకి ఇంటికి చేరిపోవాలి. ఇదీ రామకాంత్ వేసుకున్న పథకం. హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారు కాబట్టి అందులో దారులూ దిక్కులూ వాగులూ వంకలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. కానీ కారులో పక్క సీట్లో మామగారు కూడా ఉన్నారు. మామగారిని పక్కన పెట్టుకుని అనుకున్నది అనుకున్నట్టు చెయ్యగలిగిన అల్లుడు ఇంతవరకు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో పుట్టలేదు.

మామగారు జానకిరామయ్య మంగళగిరిలో పేరున్న పురోహితుడు. అక్కడ కొత్తగా ఏ ఆఫీసు తెరిచినా ఆయన వచ్చి కొబ్బరికాయ కొట్టందే కంప్యూటర్లు కూడా కళ్ళు తెరవవు. అంతటి ఆయనకి అల్లుడిలో ఒకే ఒక్క లోపం కనిపించింది. ఆదివారం వస్తే చాలు, సంచీ తగిలించుకుని పాత రాళ్ళ వెంట తిరుగుతాడు. స్కూలు యజమాని ఆదివారం ట్యూషన్లు మొదలుపెడుతున్నాడని తెలియగానే ఆయన అల్లుడి తరఫున తనే ఒప్పేసుకుని, ఆ తర్వాత అల్లుడికి కబురు చేశారు.

రామకాంత్‌కి ఆ పూట అన్నం సయించలేదు. వారంలో ఆరు రోజులు అతను పుస్తకంలో ఉన్న ఊళ్ళ గురించి పాఠాలు చెబుతాడు. ఏడో రోజు పుస్తకంలోకి ఎక్కని ఊళ్ళకి వెళతాడు. ఆ ఏడోది ఉంది కాబట్టే ఆరూ గడుస్తున్నాయి. అది కూడా పోతే తనకంటూ ఏమీ మిగలదనిపించి నిజంగానే దుఃఖం వచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి మామగారికి ఎదురు చెప్పాడు.

జానకిరామయ్యగారు కోప్పడలేదు. పందెం వేశారు.

"సరే అల్లుడుగారూ. మీ రాళ్ళలో ఏదో ఒకటి చూపించండి. చూడగానే నా ఒళ్ళు జలదరించిందా, ఇక మీ ఆదివారాల జోలికి రాను. జలదరించలేదా, వచ్చే వారం నుంచి ట్యూషన్."

"జలదరిస్తుంది మావయ్యగారూ. కొన్ని వందల ఏళ్ళుగా దాని మీద మనిషి చెయ్యి పడలేదు," అన్నాడు రామకాంత్.

ఆ మాటలో చిన్న అబద్ధం ఉంది. నెల కిందట ఆ రాయి మీద ఒక చెయ్యి పడింది, అది అతనిదే. వినుకొండ దాటాక అడవి మొదలయ్యేచోట తంగేడుమిట్ట అని ఓ పల్లె. దాని పక్కనుంచి పులివాగు దిగి గుండ్లకమ్మలో కలుస్తుంది. ఆ వాగు గట్టున సగం భూమిలో కూరుకుపోయిన నిలువెత్తు పలక అతనికి కనిపించింది. ఊరి కోసం ప్రాణాలిచ్చినవాడి పేరున పాతేవాళ్ళే, వీరగల్లు, అదన్నమాట. అరిగిపోయి బొమ్మ ఆనడం లేదు. గీతల్లోకి ఏదైనా పొడి రుద్దితే తేలుతుందని తెలుసు గానీ చేతిలో పొడి లేదు. సంచీలో మాత్రం భార్య రాగసుధ వ్రతానికి తెమ్మన్న పసుపూ కుంకుమా ఉన్నాయి. ఇంకేం, రెండూ ఖాళీ అయ్యాయి. బొమ్మ తేలింది. బల్లెం పట్టుకున్న ఒక మీసాల మనిషి, వాడి మీదికి దూకుతున్న అడవిపంది. రామకాంత్ మురిసిపోయి ఫొటోలు తీసుకుని, బూట్లయినా విప్పకుండా ఆ రాయికే వీపు ఆనించి ఇడ్లీలు తిని, రాయి కడగడానికి వాగులో నీళ్ళు లేకపోవడంతో అలాగే వదిలేసి బస్సెక్కాడు. ఇంటికొచ్చి పొట్లాలు బస్సులో చిరిగిపోయాయన్నాడు.

"రెండూ ఒకేసారి చిరిగాయా?" అని అప్పుడే అడిగింది రాగసుధ. ఆవిడ అదే స్కూల్లో లెక్కల టీచరు. సమాధానం వచ్చినా, లెక్క చేసిన తీరు చూపించందే మార్కులు వెయ్యదు.

ఇప్పుడు ఆవిడ కూడా పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ వెనక సీట్లో కూర్చుని ఉంది. కారు సిలార్‌ది. సిలార్ ఒకప్పుడు స్పిన్నింగ్ మిల్లులకి పత్తి లారీ తోలినవాడు. ఏ రోడ్డయినా, ఏ ఘాటయినా భయపడనని చెప్పుకుంటాడు. అది నిజమే. రోడ్డున్నంతవరకూ అతను భయపడడు.

వినుకొండ దాటేసరికి మంచు దట్టమైంది. రెండు పక్కలా పండిన మిరపచేలు మసగ్గా ఎర్రగా కనిపించి మాయమవుతున్నాయి. ఆ తర్వాత ఆ ఎరుపు కూడా పోయి అంతా తెల్లగా మిగిలింది. తంగేడుమిట్ట దాటాక తారు అయిపోయింది, కాస్త దూరానికి బండ్ల బాట కూడా అయిపోయింది. సిలార్ కారాపి, "ఇక్కణ్ణుంచి నడకే సార్. నేను బండి దగ్గర ఉంటా," అన్నాడు. నలువైపులా చూశాడు. ఎటు చూసినా ఏమీ కనబడలేదు. "లేకపోతే నేనూ వస్తాలెండి. పెద్దాయనకి సాయంగా ఉంటుంది," అన్నాడు.

నలుగురూ వాగు వెంట నడవసాగారు. రామకాంత్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ లోయ చూడండి మావయ్యగారూ. అటు నల్లమల, ఇటు గుండ్లకమ్మ. అడవిలోంచి తేనే చింతపండూ దిగుంటాయి. మైదానం నుంచి ఉప్పు బస్తాలు ఎద్దుల మీద ఎక్కుంటాయి. మనం నడుస్తున్న ఈ బాట మీద ఎన్ని వేల మంది నడిచారో ఆలోచించండి."

"ఆలోచిస్తున్నానండీ. ఇప్పుడు ఒక్కడైనా కనిపిస్తే బాగుండు," అన్నారు జానకిరామయ్యగారు.

ఆయన కోరిక వెంటనే తీరింది. మంచులో ఎదురుగా మనుషులు కనిపించారు. అందరూ ఆడవాళ్ళే. ఒకరి పక్కన ఒకరు వరసగా నిలబడి ఉన్నారు. ఎరుపు చీర, పచ్చ చీర, పెద్ద పెద్ద పువ్వుల చీర. మాటా పలుకూ లేదు. కొంగులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి.

"అమ్మా, వాగు గట్టుకి దారెటు?" అని అడిగారు జానకిరామయ్యగారు. ఎవరూ పలకలేదు. ఆయన ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం మర్యాదగా అడిగారు. అప్పుడూ పలకలేదు. రాగసుధ నాలుగడుగులు ముందుకేసి, ఆగి, మళ్ళీ వేసి, ఒక చీరని చేత్తో పట్టుకుంది.

"నాన్నా, ఇక్కడ ఆడవాళ్ళు లేరు. చీరలే ఉన్నాయి," అంది.

మనుషులు లేకుండా చీరలు నిలబడటమన్నది మనుషులు నిలబడటం కంటే కష్టంగా తోచింది మిగిలిన ముగ్గురికీ. కిందటి నెల వచ్చినప్పుడు ఇవి లేవు. రామకాంత్ ఆ సంగతి పైకి చెప్పలేదు. కట్టెలకి కట్టిన ఆ పాత చీరల వరస ఎంత దూరం ఉందో మంచులో తెలియడం లేదు. ఆ వరస వెంటే నడిచారు. చీరలు కూడా పక్కనే నడుస్తున్నట్టుంది. సిలార్ జానకిరామయ్యగారికి సాయంగా ఉండటం మానేసి ఆయన ఉత్తరీయం అంచు పట్టుకున్నాడు.

అప్పుడు వినిపించింది ఆ గొంతు.

"ఎవడ్రా అది? మళ్ళీ వచ్చావా? సిగ్గూ శరం లేదంట్రా నీకు? ఆ రోజు తిన్నది అరగలా? ఇంకొక్క అడుగు ముందుకేశావంటే తోలు వలిచి గట్టున ఆరేస్తా!"

ఆడగొంతు. ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. కొండకి తగిలి, తిరిగి వచ్చి, "ఆరేస్తా... ఆరేస్తా..." అంటూ వాగులోకి జారిపోయింది. ఆ తర్వాత పిట్ట కూడా కుయ్యలేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రామకాంత్ చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. ఆ రోజు తిన్నది. ఇడ్లీలు. రాయికి వీపు ఆనించి, బూట్లతో. ఆ సంగతి ఈ లోకంలో తనకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఎవరో పొలంలో తిడుతున్నారు. పదండి," అన్నాడు.

"ఎవరినండీ?" అన్నారు జానకిరామయ్యగారు. "పొలంలో మనం తప్ప పురుగు లేదే."

వెనక్కి తిరిగిపోదామని నోటిదాకా వచ్చింది రామకాంత్‌కి. వెనక్కి తిరిగితే పందెం పోయినట్టే, వచ్చే ఆదివారం ఉదయం బ్లాక్‌బోర్డు ముందు నిలబడాల్సిందే. ముందు నుయ్యి, వెనక ట్యూషన్. నుయ్యే నయమనుకుని అడుగు వేశాడు. వేసిన అడుగు నేల మీద ఆనిందో లేదో, గొంతు మళ్ళీ లేచింది. అవే మాటలు, అదే విరుపు, ఒక్క అక్షరం తేడా లేదు. ఈసారి ఇంకా దగ్గర్నుంచి.

"మళ్ళీ వచ్చావా అంటోంది," అన్నారు జానకిరామయ్యగారు ఆలోచనగా. "మన నలుగురిలో ఇక్కడికి మళ్ళీ వచ్చినవాళ్ళు ఎవరు?"

సిలార్ ఉత్తరీయం వదలకుండానే రెండో చేత్తో రామకాంత్‌ని చూపించాడు.

"సారే," అన్నాడు.

మంచు కాస్త పలచబడింది. ఎదురుగా రాయి కనిపించింది. కనిపించింది అనకూడదేమో, అదే వీళ్ళని చూసింది. నెల కిందట బోడిగా నిలబడిన పలకకి ఇప్పుడు ఎర్ర చీర చుట్టి ఉంది. ఒళ్ళంతా పసుపు, నుదుటి చోట అరచెయ్యంత కుంకుమ, అందులోంచి రెండు వెండి కళ్ళు. ముక్కుపుడక. మెడలో నిమ్మకాయల దండ, దాని మీద ఎండు మిరపకాయల దండ. పాదాల దగ్గర పగిలిన గాజులు, వేపమండలు, ఆరిపోయిన దీపం. ముక్కుపుడక కింద రెండు వైపులా కుంకుమ ఉబ్బెత్తుగా పైకి మెలితిరిగి ఉంది. అవి మీసాలని రామకాంత్‌కి ఒక్కడికే తెలుసు.

"మనిషి చెయ్యి పడలేదన్నారు?" అన్నారు జానకిరామయ్యగారు చాలా మెల్లగా.

"నేను... నేను వచ్చినప్పుడు ఇలా లేదండీ."

"మరి ఎవరు చేశారివన్నీ?"

సమాధానం సరిగ్గా రాయి వెనకనుంచి వచ్చింది. "ఎవడ్రా అది? మళ్ళీ వచ్చావా?" వెండి కళ్ళు కదల్లేదు, మీసాలు కదల్లేదు, మాట మాత్రం చెవులు పగిలేలా వస్తోంది. "సిగ్గూ శరం లేదంట్రా నీకు? ఆ రోజు తిన్నది అరగలా?"

రామకాంత్ మోకాళ్ళ మీద పడ్డాడు. పిల్లలకి మూఢనమ్మకాల మీద పాఠం చెప్పి ఇంకా వారం కాలేదు. అయినా చేతులు జోడించాడు.

"ఇడ్లీలు తల్లీ! ఇడ్లీలే! బూట్లతో ముట్టుకున్నాను, తప్పయిపోయింది! ఆ పసుపూ కుంకుమా నేనే పెట్టాను, భక్తితో కాదు, ఫొటో కోసం! అది నాది కూడా కాదు తల్లీ, మా ఆవిడ వ్రతానిది! బస్సులో చిరగలేదు!"

జానకిరామయ్యగారు గట్టిగా శ్లోకం అందుకున్నారు. జీవితమంతా నోటికి వచ్చిన శ్లోకం రెండో పాదం దగ్గర ఆగిపోయింది. ఆయన మోచేతుల మీద తెల్లటి వెంట్రుకలు ఒక్కొక్కటీ లేచి నిలబడటం రాగసుధ చూసింది.

"...తోలు వలిచి గట్టున ఆరేస్తా!" అని ముగించింది గొంతు. తర్వాత చిన్న గరగర. దాని వెనక, దూరంగా ఉన్నప్పుడు వినబడనంత సన్నగా, ఒక మగగొంతు. "చాల్లేవే, ఇక ఆపు." మళ్ళీ ఆడగొంతు, ఈసారి మామూలుగా. "ఎట్టా ఆపాలయ్యా దీన్ని? ఏది నొక్కాలి?" టక్.

అడవంతా నిశ్శబ్దం.

"నాన్నా," అంది రాగసుధ, "అమ్మవారికి బటన్ ఎక్కడుందో తెలీదట."

రాయి వెనక తుమ్మచెట్టు కొమ్మకి చిన్న మైకు వేలాడుతోంది. దాని వైరు కింద బ్యాటరీ పెట్టెలోకి దిగింది. రాగసుధ దాన్ని వేలితో చూపించి, తర్వాత అదే వేలు మోకాళ్ళ మీదున్న భర్త వైపు తిప్పింది.

"బస్సులో చిరగలేదన్నమాట."

రామకాంత్ జవాబు వెతుక్కుంటూ ఉండగానే వెనకనుంచి, మంచులోంచి, "ఎవడ్రా అది?" అని అదే గొంతు పిలిచింది.

మైకు ఎదురుగా చెట్టు మీద ఉంది. గొంతు వెనకనుంచి వచ్చింది. ఈ రెంటినీ కలిపి ఆలోచించే ఓపిక సిలార్‌కి లేకపోయింది. "అల్లా!" అని ఒక్క కేక పెట్టి, ఉత్తరీయంతో సహా పరిగెత్తాడు. కారు ఎటుందో తెలియదు కనుక చీరలు ఎటున్నాయో అటే పరిగెత్తాడు. రెండు చీరలు చుట్టుకుని, మూడోది మెడకి తగులుకుని, కట్టెలు విరుచుకుంటూ దబ్బున పడి పెనుగులాడసాగాడు.

"పడింది! పంది పడింది! రండ్రోయ్!" అని కేకేసింది ఆ గొంతు. మంచులోంచి ఒక నిలువెత్తు ఆడమనిషి దుడ్డుకర్రతో ఊడిపడింది. ఆవిడ వెనక ఒక బక్కపలచని మొగుడు, ఆయన వెనక పొలాల్లోంచి కర్రలతో ఊళ్ళో సగం మంది. అందరూ చుట్టుముట్టి కర్రలెత్తారు.

"కొట్టకండమ్మా, డ్రైవర్ని!" అంది పువ్వుల చీర.

చీర విప్పి చూస్తే సిలారే. ఆవిడ కర్ర దించి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఆవిడ పేరు వెంకటరావమ్మ. ఆయన వెంకయ్య. ఈ మొక్కజొన్న, మిరపా వాళ్ళవే. అడవిపందులు దిగి చేలన్నీ దున్నేసినట్టు చేస్తుంటే, చుట్టూ చీరలు కట్టారు. మనుషులున్నారనుకుని రావట. చాలలేదని వినుకొండ నుంచి మైకు కూడా తెచ్చి, ఊళ్ళో అందరిలోకీ గట్టి నోరు ఎవరిదంటే వెంకటరావమ్మదని తేల్చి, దాంట్లో పందుల్ని తిట్టించి పెట్టారు.

"పందులకి కొత్తగానీ నాకు అలవాటే," అన్నాడు వెంకయ్య.

"నువ్వాగవయ్యా," అని వెంకటరావమ్మ రామకాంత్ వైపు తిరిగింది. "ఇందాక పసుపు నేనే పెట్టానని అరిచింది తమరేనా అయ్యగారూ?"

రామకాంత్ అవునన్నాడు, ఇక కాదనడానికి ఏముంది గనక. ఆవిడ దుడ్డుకర్ర పక్కన పడేసి ఒక్కసారిగా అతని కాళ్ళకి మొక్కింది. వెనక ఉన్నవాళ్ళంతా వంగారు.

"నెల్లాళ్ళ నుంచీ వెతుకుతున్నామయ్యా! పొద్దున్నే వచ్చి చూస్తే రాయికి పసుపూ కుంకుమా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అడిగాం, మేం కాదంటే మేం కాదన్నారు. ఆ రోజే చీరలు కట్టాం, ఆ రోజే మైకు పెట్టాం. ఆ రోజు నుంచీ ఒక్క పంది దిగలా! తల్లి పేట నుంచి నడిచొచ్చిందయ్యా. అందుకే పేటమ్మ అని పేరెట్టుకున్నాం."

"పేట నుంచి అని ఎలా తెలిసిందమ్మా?" అంది రాగసుధ.

వెంకటరావమ్మ భక్తిగా రాయి పాదాల దగ్గర ఇటుక ఎత్తి, దాని కింద మడిచిపెట్టిన ప్లాస్టిక్ కవరు తీసి కళ్ళకద్దుకుని చూపించింది. చిలకలూరిపేటలో రాగసుధ ఎప్పుడూ కొనే పూజాసామాన్ల కొట్టు పేరు దాని మీద అచ్చుగుద్ది ఉంది. ఎక్కడా చిరగలేదు. రాగసుధ కూడా దాన్ని కళ్ళకద్దుకుంది. అద్దుకుంటూ భర్తని చూసిన చూపు ఏ మైకులోనూ పట్టదు.

"ఇవాళే మిరప మొదటి కోతయ్యా," అంది వెంకటరావమ్మ. "మంచి చెయ్యి పడితేగాని కోత మొదలెట్టం మేము. తమరిది హస్తవాసి ఉన్న చెయ్యి. మొదటి కాయ తమరే తుంచాలి. ఈ తల్లికి తొలి పసుపు పెట్టిన చెయ్యి కాబట్టి పూజ కూడా తమరే చెయ్యాలి. మావి మామూలు చేతులు."

రామకాంత్‌లో మాస్టారు మేల్కొన్నాడు. ఇక ఊరుకుంటే లాభం లేదనిపించింది. ఇంతమంది ఎదుట నిజం చెప్పకపోతే తను చెప్పే పాఠాలన్నీ దండగే.

"చూడండమ్మా. ఇది అమ్మవారు కాదు..."

"కాదా?" అన్నాడు వెంకయ్య ఉత్సాహంగా. "నేనూ అదే అన్నానయ్యా! మైకు వల్ల పందులు ఆగాయిరా అంటే వినరే. ఆ పలకని ట్రాక్టరుతో పీకి, వాగుకి అడ్డంగా వేస్తే గట్టు కోసుకుపోకుండా ఉంటుందని రెండేళ్ళ నుంచీ చూస్తున్నా. పసుపు పడిందని ఆగానంతే. కాదని మీరే తేల్చారు కాబట్టి రేపే..."

రామకాంత్ రాయి వైపు చూశాడు. చీర కట్టుకుని, ముక్కుపుడక పెట్టుకుని, మిరపకాయల దండ వేసుకుని ఆ వీరుడు నిలబడి ఉన్నాడు. ఎండా వానా అన్నీ ఓర్చుకుని ఇన్నేళ్ళు నిలిచాడు. తను నిజం చెబితే రేపు ట్రాక్టరు కింద పడతాడు. పంది ఎదుట వెనక్కి తగ్గనివాడు తన నోటి మాటకి పోతాడు.

"...ఉత్త అమ్మవారు కాదు అంటున్నా," అన్నాడు రామకాంత్. "మహా తల్లి. కదపకూడదు."

వెంకయ్య నీరుగారిపోయాడు. వెంకటరావమ్మ మాత్రం దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. ఆవిడ తగ్గించిన గొంతు అవతలి గట్టుదాకా వినిపించింది.

"ఒక్క అనుమానమయ్యా. కుంకుమ రాస్తుంటే చేతికి తగిలాయి. ఎవరికీ చెప్పలా. తల్లికి మీసాలేంటయ్యా?"

రామకాంత్ దగ్గర దానికి పాఠం లేదు. అందరూ జానకిరామయ్యగారి వైపు చూశారు. ఆయన ఇంతసేపూ రాయి ముందు నిలబడే ఉన్నారు. వంగి, చీర అంచు కాస్త పక్కకి జరిపి, బల్లేన్ని వేలితో తడిమారు, కోరల్ని తడిమారు, పంది కాళ్ళ కింద నేలని తన్ని నిలబడిన వీరుడి పాదాన్ని తడిమారు. లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇతను తల్లికి కావలివాడమ్మా," అన్నారు. "ఊరి మీద పడిన పందికి ఎదురెళ్ళి ప్రాణం ఇచ్చినవాడు. తల్లి లోపల ఉంటుంది, ఇతను బయట నిలబడి కాస్తాడు. చీర తల్లికి ఉంచండి, ఇతనికో పంచె కూడా పెట్టండి. ఇలాంటివాడికి దణ్ణం పెట్టడానికి శాస్త్రం చూసుకోనక్కర్లేదు." ఉత్తరీయం కోసం భుజం తడుముకుని, అది చీరల మధ్య ఎక్కడో ఉందని గుర్తొచ్చి, ఉత్త చేతులతోనే దణ్ణం పెట్టారు.

రామకాంత్‌కి ఏడుపు వచ్చినంత పనయింది. తను ఇన్నాళ్ళూ రాళ్ళ గురించి చెప్పాలనుకున్నదంతా ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశారు.

మొదటి మిరపకాయ తుంచే వేళకి మంచు విడిపోయింది. పులిహోర ఊరందరికీ ప్రసాదమైపోయి, వీళ్ళకి మిగల్లేదు. కారు వైపు బయల్దేరబోతుంటే రాయి దగ్గర వెంకయ్య రామకాంత్‌ని పక్కకి లాగాడు.

"మా ఆవిడకి చెప్పమాకండయ్యా. మొన్న రాత్రి మైకు ఛార్జింగ్ అయిపోయింది. నేను చూసుకోలా. గాలికి ఈ పక్క చీరలు కూడా పడిపోయినయ్యి. పొద్దున్నే వచ్చి చూస్తే..." అంటూ రాయి ముందున్న తడి ఇసుక చూపించాడు. అడవి వైపునుంచి పంది గిట్టల గుర్తులు, ఒకటీ రెండూ కాదు, మంద. రాయికి మూడు బారల దూరం దాకా తిన్నగా వచ్చాయి. అక్కడ ఆగి, తొక్కులాడి, వచ్చిన దారినే తిరిగిపోయాయి. "మైకూ లేదు, చీరా లేదు. మరి దేన్ని చూసి ఆగినట్టయ్యా?"

రామకాంత్ వెనక్కి తిరిగి చూశాడు. ఎండలో వెండి కళ్ళు మెరుస్తున్నాయి. ఆ కళ్ళు అడవి వైపే చూస్తున్నాయి. అతను నడిచి వెళ్ళి కారెక్కాడు. ఇంటికెళ్ళేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కారు వినుకొండ చేరింది. అప్పుడు జానకిరామయ్యగారు మోచేతిని అల్లుడి ముందు పెట్టారు.

"ఇంకా దిగలేదు చూడండి. నా ఒళ్ళు జలదరించింది. మాటంటే మాటే. ఆదివారాలు మీవి."

"మావయ్యగారూ!" అన్నాడు రామకాంత్. లోకంలోని ఆదివారాలన్నీ తన ముందు వరసగా కొండలూ వాగులూ గుట్టలూ అయి పరుచుకున్నాయి. 

"అందుకే వెంకటరావమ్మగారికి మాటిచ్చి వచ్చాను," అన్నారాయన తృప్తిగా. "ప్రతి ఆదివారం పొద్దున్నే మీరు వచ్చి పూజ చేస్తారని. ఆదివారం అమ్మవారికి మంచి రోజు. మీకూ ఖాళీయే కదా. పూజావిధానం శనివారం సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి నేర్చుకుందురుగాని."

"పసుపూ కుంకుమా ఈసారి నేనే కొనిస్తాను," అంది రాగసుధ వెనకనుంచి. "ఖాళీ కవరు తెచ్చి చూపించండి చాలు."

ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం తెల్లవారకముందే రామకాంత్ పంచె కట్టుకుని పులివాగు గట్టుకి చేరుకుంటాడు. అతను రాగానే చెట్టు మీది మైకు, "మళ్ళీ వచ్చావా? సిగ్గూ శరం లేదంట్రా నీకు?" అని పలకరిస్తుంది. ట్యూషన్ పిల్లలకైతే వేసవి సెలవులుంటాయి, అడవిపందులకి లేవు.